నెత్తిన మూట నుంచి చేతిసంచి దాకా – ప్రొజెక్టరు కథ



ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, కరువు భత్యం బకాయిల గురించి వ్రాయగలవారు చాలామంది ఉన్నారు కదా, నేనెందుకని తప్పించుకోబోయాను. ఆయన వదలలేదు. "మన సంఘానికి ప్రొజెక్టరు ఎంపిక చేసింది మీరే కదా. అరచేతిలో పట్టే చిన్నది దొరుకుతుంటే మూడు కిలోలది ఎందుకు కొన్నారని కొందరు ఇప్పటికీ నన్ను నిలదీస్తున్నారు. ఆ జవాబేదో మీరే వ్రాయండి" అన్నారు.

జవాబు ఒక్క ముక్కలో చెప్పవచ్చు. కాని ఆ ముక్క వెనుక నా 34 ఏళ్ళ ఉద్యోగం ఉంది. దానికంటే ముందు, బొమ్మను పెట్టెలో పెట్టుకుని ఊరూరా తిరిగిన వారి సుమారు మూడున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. అందుకని కొంచెం వెనుక నుంచి మొదలుపెడతాను. ఓపికగా చదవగలరు.

దీపం, అద్దం, బొమ్మ

దీపం వెలుగును తెర మీదికి పంపి కథ చెప్పడం మన తెలుగువారికి కొత్త కాదు. తోలుబొమ్మలాట వారు తెల్లని పంచె కట్టి, వెనుక ఆముదం దీపాలు పెట్టి, రాత్రి తెల్లవార్లూ రామాయణం ఆడేవారు. బొమ్మలన్నీ వెదురు పెట్టెలో సర్దుకుని మరునాటికి మరో ఊరు చేరేవారు. అయితే అక్కడ బొమ్మ ఎంత ఉంటే తెర మీద ఇంచుమించు అంతే కనపడుతుంది. చిన్న బొమ్మను పెద్దది చేసి దూరంగా ఉన్న గోడ మీద వేయాలంటే గాజు కటకం కావాలి.

ఆ పని చేసిన "మాయా దీపం" 1659 ప్రాంతంలో డచ్చి శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ చేతిలో రూపుదిద్దుకుంది. ఒక డబ్బా, లోపల దీపం, దాని ముందు గాజు పలక మీద గీసిన బొమ్మ, ఆ ముందు కటకం. ఇంతే. ఈనాటి ప్రొజెక్టరు ఎంత ఖరీదైనదైనా లోపల ఉన్నది ఈ నాలుగే. దీపం మారింది, బొమ్మ మారింది, సూత్రం మారలేదు. తరువాతి శతాబ్దంలో ఐరోపాలో పేదవాళ్ళు ఈ డబ్బాను వీపున కట్టుకుని ఊళ్ళు తిరుగుతూ ఇళ్ళలో బొమ్మలు చూపి పొట్ట పోసుకున్నారు. మన దేశంలో బొంబాయి దగ్గరి కల్యాణ్ పట్టణంలో పట్వర్ధన్ కుటుంబం వారు 1890ల్లో రంగుల గాజు పలకలతో పురాణ కథలు చూపారు.

మాయా దీపానికి ఉన్న తంటా వెలుగే. నూనె దీపం వెలుగు చిన్న గదికి సరిపోతుంది, పెద్ద సభకు చాలదు. వెలుగు పెంచుదామంటే సున్నపు రాయిని మండించే గ్యాసు సంచులు మోయాలి. తేలికగా ఉంటే వెలుగుండదు, వెలుగుంటే తేలికగా ఉండదు. ఈ పేచీ ఆనాడు మొదలైంది, ఈనాటికీ పూర్తిగా తీరలేదు. నేను చెప్పబోయే కథంతా ఈ పేచీ గురించే.

ఒక రైల్వే ఉద్యోగి, ఒక బందరు ఫొటోగ్రాఫరు

1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు డబ్బు తీసుకుని కదిలే బొమ్మలు చూపించారు. అమెరికాలో ఎడిసన్ వారి కెమెరా గదిలోంచి కదల్చలేనంత బరువు. లూమియేర్ల పెట్టె అయిదు కిలోల ప్రాంతం. చేత్తో తిప్పడమే, కరెంటు మోటారు అక్కర లేదు. పైగా అదే కెమెరా, అదే ప్రింటు తీసే యంత్రం, అదే ప్రొజెక్టరు. అందువల్లనే ఆరేడు నెలలు తిరగకుండా, 1896 జూలై 7న, వారి మనుషులు బొంబాయి వాట్సన్ హోటల్లో ఆట వేయగలిగారు. సినిమా ప్రపంచమంతా అంత త్వరగా వ్యాపించడానికి పెట్టె తేలికగా ఉండటమే ముఖ్య కారణమని నా నమ్మకం.

దక్షిణాదిలో ఈ పెట్టెను మొదట ఊరూరా తిప్పినవారిలో ఒకరు మనలాంటి ఉద్యోగే. ఆయన పేరు స్వామికన్ను విన్సెంట్. తిరుచిరాపల్లి రైల్వే ఆఫీసులో పని. 1905లో డుపాంట్ అనే ఫ్రెంచి దేశస్థుడు తన ప్రొజెక్టరును, ఫిల్ములను అమ్మజూపితే అప్పోసప్పో చేసి కొన్నాడు. ఉద్యోగం వదిలి, డేరా వేసుకుంటూ ఊరూరా ఆటలు ఆడాడు. 1914లో కోయంబత్తూరులో స్వంత హాలు కట్టాడు.

మన తెలుగువారిలో ఆ పని చేసినవారు బందరులో 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు. మద్రాసులో ఫొటో స్టూడియో నడిపేవారు. 1910 ప్రాంతాల క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించారు. బొమ్మ తెర మీద కదులుతుంటే పాట గ్రామఫోను పళ్ళెం నుంచి వచ్చేది. ఆ యంత్రాన్ని డేరాతో సహా తీసుకుని దక్షిణాది జిల్లాలే కాక సింహళం, బర్మా కూడా తిరిగారు. 1914లో మద్రాసులో గెయిటీ థియేటరు కట్టారు. ఆ యంత్రం, పళ్ళేలు, డేరా గుడ్డ, కర్రలు ఎక్కించి దించి, ఓడ మీద రంగూను దాకా తీసుకువెళ్ళడం ఎంత శ్రమో, అందులో పావు వంతు మోసిన నాకు తెలుసు.

పదహారు మిల్లీమీటర్ల రోజులు

ఆనాటి 35 మిల్లీమీటర్ల ఫిల్ము నైట్రేటుతో తయారయ్యేది. నిప్పు తగిలితే భగ్గున మండేది. బడిలో, పంచాయితీ అరుగు మీద అటువంటిది ఆడించడం ప్రమాదం. 1923లో కొడాక్ కంపెనీ వారు అంత సులువుగా అంటుకోని 16 మిల్లీమీటర్ల ఫిల్మును, దానికి తగిన చిన్న ప్రొజెక్టరును తెచ్చారు. బడులకు, ప్రభుత్వ శాఖలకు బొమ్మ అందింది దానివల్లనే.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఫిలింస్ డివిజన్ ఏర్పడింది. పంచవర్ష ప్రణాళికల గురించి గ్రామాలకు చెప్పడానికి 1953లో కేంద్ర క్షేత్ర ప్రచార విభాగం మొదలైంది. రాష్ట్ర శాఖలకూ తమ తమ ప్రచార వ్యానులు వచ్చాయి. నేను 1972లో అటువంటి ఒక శాఖలో ప్రొజెక్టరు ఆపరేటరుగా చేరాను. ఉద్యోగం ఏమిటని పెళ్ళిచూపుల్లో అడిగితే మా నాన్నగారు "సినిమాలు ఆడిస్తాడు" అని చెప్పలేక "ప్రచార శాఖలో టెక్నికల్" అని చెప్పారు!

ఆ యంత్రం సంగతి నేటి పిల్లలకు తెలియదు కనుక రెండు మాటలు చెబుతాను. శబ్దం ఉన్న 16 మిల్లీమీటర్ల ఫిల్ముకు ఒక అంచునే బెజ్జాలుంటాయి. రెండో అంచున శబ్దం సన్నని చారగా ముద్రించి ఉంటుంది. చిన్న బల్బు వెలుగు ఆ చార గుండా పోయి మాటగా మారుతుంది. ఫిల్మును పైన ఒక వంపు, కింద ఒక వంపు వదిలి ఎక్కించాలి. వంపు తక్కువైతే ఫిల్ము తెగుతుంది, ఎక్కువైతే పెదవి ఒకచోట, మాట ఒకచోట. సెకనుకు 24 బొమ్మలు, అడుగుకు 40 బొమ్మలు. అంటే 400 అడుగుల చుట్ట పదకొండు నిమిషాలు, 1600 అడుగుల చుట్ట ముప్పావు గంటకు కొంచెం తక్కువ. ఆట అయిన వెంటనే ఫ్యాను ఆపకూడదు. బల్బు చల్లారేదాకా తిరగనివ్వాలి. తొందరపడితే బల్బు పోతుంది. స్పేర్ బల్బు కావాలంటే ఇండెంటు పెట్టి మూడు నెలలు ఎదురుచూడాలి.

ఇప్పుడు బరువు లెక్క చూడండి. మా ప్రొజెక్టరు సుమారు 18 కిలోలు. "పోర్టబుల్" అని దాని మీద ఇంగ్లీషులో వ్రాసి ఉండేది. అయితే అది 110 వోల్టుల అమెరికా రకం. మన కరెంటును తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు వేరే పెట్టె, పది కిలోలు. స్పీకరు పెట్టె మరో పది. తెర గుడ్డ, గెడలు, తాళ్ళు, ఫిల్ము డబ్బాలు కలిపి పదిహేను. కరెంటు లేని ఊరైతే పెట్రోలు జనరేటరు, ఇద్దరు ఎత్తితేగాని లేవదు. 18 కిలోల పోర్టబుల్ యంత్రాన్ని ఆడించాలంటే వంద కిలోల సరంజామా! వ్యాను పోయే దారి ఉంటే బాధ లేదు. దారి లేనిచోట మా అటెండరు నెత్తి మీదికే.

ఆ అటెండరు గారి పేరు ఇక్కడ వ్రాయను. ఆయన వద్దనే అనేవారు. నాకంటే పదేళ్ళు పెద్ద. ప్రొజెక్టరును తలపాగా మీద పెట్టుకుని వాగులో మొలలోతు నీళ్ళలో నడిచేవారు. ఒకసారి నేనే ఆపి, కాసేపు నేను మోస్తానంటే "బరువు నాకొగ్గీండి బాబూ, ఎలుగు మీరు సూసుకోండి" అన్నారు. ఆ రోజు దాన్ని వేళాకోళంగా తీసుకున్నాను.

నేను చేసిన తప్పు

1981లో విజయనగరం జిల్లాలో కొండ దిగువ ఊళ్ళకు వెళ్ళాము. అతిసారం ప్రబలిన రోజులు. విరేచనాలైన బిడ్డకు ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు పట్టమని చెప్పే కార్యక్రమం. ఒక ఊరికి వాగు అవతల రెండు మైళ్ళు నడవాలి. జీపు పోదు. అదే సంవత్సరం మా శాఖకు కొత్తగా ఒక చిన్న స్లైడు ప్రొజెక్టరు వచ్చింది. నాలుగు కిలోలు. కారు బ్యాటరీతో వెలుగుతుంది.

స్లైడు ప్రొజెక్టర్లకు అప్పుడు మంచి కాలం. 1961లో కొడాక్ వారు 80 స్లైడ్లు గుండ్రటి పళ్ళెంలో అమర్చే కెరౌసెల్ తెచ్చినప్పటి నుంచి ప్రపంచమంతా ఉపన్యాసాలకు అవే. దాని తయారీ 2004లో ఆగిపోయింది. మాకు వచ్చింది అంత గొప్పది కాదు, చేత్తో ఒక్కొక్క స్లైడు తోసేది. కాని దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. జనరేటరు వద్దు, ట్రాన్స్‌ఫార్మరు వద్దు, ఇద్దరు కూలీలు వద్దు. పెద్ద యంత్రం జీపులోనే వదిలి, ప్రొజెక్టరు, బ్యాటరీ, తెర తీసుకుని వాగు దాటాము. ఆ సాయంత్రం అంత తేలికగా ఎప్పుడూ నడవలేదు.

మూడు పల్లెల జనం వచ్చారు. రెండువందల మందికి తక్కువ ఉండరు. తెర మాత్రం పెద్ద యంత్రానికి వాడే ఎనిమిది అడుగులదే. ఆ చిన్న బల్బు వెలుగు అంత తెర మీద పరుచుకునేసరికి బొమ్మ మసకబారింది. ముందు నాలుగు వరసలకు బాగానే ఉంది. వెనుక వారికి తెల్లటి మబ్బు. పైగా పంచాయితీ వారు గౌరవంగా పెట్టిన పెట్రోమాక్సు పక్కనే వెలుగుతోంది. ముఖ్యమైన స్లైడులో లీటరు నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు బొమ్మలుగా గీసి ఉన్నాయి. నేను చదివి వినిపించాను. బ్యాటరీతో ప్రొజెక్టరే నడుస్తుంది, మైకు లేదు. నా గొంతు ఎంతవరకు పోయిందో దేవుడికే తెలియాలి. ఆట ముగిశాక ఒక ముసలమ్మ నా దగ్గరకు వచ్చి "ఏటి సూపించావో బాబూ, మాకేటీ అగుపడ్నేదు" అంది. "మళ్ళీ వస్తాంలే అవ్వా" అని నవ్వి ఊరుకున్నాను.

నాలుగు రోజుల తరువాత ఆ ప్రాంతపు నర్సమ్మ దారిలో కనిపించి జీపు ఆపింది. ఆ ఊళ్ళో ఒక తల్లి ఆరు చెంచాలు ఉప్పు, అర చెంచా పంచదార కలిపి బిడ్డకు పట్టబోతుంటే తాను సమయానికి వెళ్ళిందట. ఆ నీళ్ళు కన్నీటి కంటే ఉప్పగా ఉండకూడదు, ముందు నాలుక మీద వేసుకుని చూడాలని నర్సమ్మలకు నేర్పేవారు. ఆమె రుచి చూసి పారబోసింది. బిడ్డ బతికాడు. "వెనకాల కూర్చున్నానమ్మా, బొమ్మలో తెల్లగా రెండు కుప్పలు కనపడ్డాయి, ఏది ఏదో తెలవలేదు" అని ఆ తల్లి చెప్పిందట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. శాఖను అనడానికి లేదు, యంత్రాన్ని అనడానికి లేదు. చిన్న యంత్రం చిన్న గదికి మంచిదే. దాన్ని ఎనిమిది అడుగుల తెర ముందు, రెండువందల మంది ముందు పెట్టింది నేను. నా భుజానికి తేలికగా ఉందని ఎంచుకున్నాను. చూసేవాడి కంటికి ఎలా ఉంటుందో ఆలోచించలేదు. మరుసటి వారం పెద్ద యంత్రం, జనరేటరు నలుగురు కూలీలతో మోయించి ఆ ఊరికి మళ్ళీ వెళ్ళాము. నేనూ ఒక పక్క భుజం పట్టాను. అటెండరు గారు ఏమీ అనలేదు.

గాజు బల్ల నుంచి గోరంత అద్దాల దాకా

తరువాత కాలం వేగంగా మారింది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టెలివిజన్ చూపిన ప్రయోగంలో మన రాష్ట్రమూ ఉంది. 1980లు గడిచేసరికి టీవీ, వీడియో క్యాసెట్ వచ్చి మా 16 మిల్లీమీటర్ల యంత్రాలు బీరువాల్లోకి వెళ్ళాయి. నన్ను శిక్షణ కేంద్రానికి మార్చారు.

అక్కడ ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు ఉండేది. మీలో చాలామంది శిక్షణ తరగతుల్లో దాని ముందు కునుకు తీసినవారే! గాజు బల్ల మీద పారదర్శక కాగితం పెడితే పైనున్న అద్దం గుండా గోడ మీద పడుతుంది. 1960ల మొదట్లో అమెరికాలో త్రీఎమ్ కంపెనీ వారు దాన్ని బడుల్లోకి తెచ్చారు. గదిలో దీపాలు ఆర్పక్కర లేదు, ఉపన్యాసకుడు జనం వైపు తిరిగే మాట్లాడవచ్చు. కాని అది కదలని మొద్దు. ఒక గదిలోంచి మరో గదికి మార్చాలన్నా ఇద్దరు కావాలి.

కంప్యూటరు బొమ్మను నేరుగా తెర మీద వేసే ద్రవ స్ఫటిక యంత్రాలు, అంటే ఎల్‌సీడీ ప్రొజెక్టర్లు, 1980ల చివర వచ్చాయి. మూడు పలకల ఎల్‌సీడీ యంత్రాన్ని ఎప్సన్ వారు 1989లో తెచ్చారు. ఇక రెండో దారి మరీ విచిత్రం. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో లారీ హార్న్‌బెక్ అనే శాస్త్రజ్ఞుడు 1987లో ఒక చిప్పు తయారుచేశాడు. గోరంత ముక్క మీద లక్షలాది బుల్లి అద్దాలు, ఒక్కొక్కటి తలవెంట్రుక మందం కంటే చిన్నది. ఒక్కొక్క అద్దం అటో ఇటో వాలుతూ తెర మీద ఒక చుక్కను వెలిగిస్తుంది, ఆర్పుతుంది. 1996లో ఈ అద్దాల ప్రొజెక్టర్లు అమ్మకానికి వచ్చాయి. అంతకు ముందు ఏడాదే, 1995లో, ఫిలిప్స్ వారు వేలెడంత పాదరసపు దీపాన్ని తెచ్చారు. చిన్న దీపం, చిన్న బొమ్మ కలిసి ప్రొజెక్టరును బ్రీఫ్‌కేసులో పట్టేటట్లు చేశాయి.

చివరిది ఎల్ఈడీ. నీలి వెలుగునిచ్చే ఎల్ఈడీని 1990ల ప్రారంభంలో సాధించిన జపాను శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురా గార్లకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. నీలి రంగు లేనిదే తెల్ల వెలుగు లేదు. ఆ వెలుగు చలవతోనే 2008 ప్రాంతంలో జేబులో పట్టే ప్రొజెక్టర్లు వచ్చాయి. నేను 2006లోనే రిటైరయ్యాను కనుక వాటితో ఉద్యోగం చేయలేదు.

మన సంఘం కొనుగోలు

ఇక అసలు సంగతికి వస్తాను. జీవన ప్రమాణ పత్రం డిజిటల్‌గా ఇచ్చే పద్ధతి 2014లో మొదలైంది, ఇప్పుడు దాన్ని ఇంట్లోనే ఫోను ద్వారా ఇవ్వవచ్చు. దాన్ని ఎలా చేయాలో, "డిజిటల్ అరెస్టు" పేరుతో ఫోను చేసి పెన్షను డబ్బు దోచుకునే మోసగాళ్ళ నుంచి ఎలా తప్పించుకోవాలో మండల శాఖల్లో చూపించాలని మన కార్యవర్గం నిర్ణయించింది. తొలి సమావేశానికి ఒక సభ్యుని కుమారుడు తన చిన్న ప్రొజెక్టరు అరువిచ్చాడు. కొబ్బరికాయంత ఉంది. అందరం మురిసిపోయాము.

సమావేశం అయ్యాక వెనుక వరసలో కూర్చున్న ఒక కుటుంబ పెన్షనరు సోదరి నా దగ్గరకు వచ్చి "అన్నయ్యగారూ, మోసం జరిగితే ఫోను చేయాల్సిన నంబరు సరిగ్గా వ్రాసుకున్నానా చూడండి" అని పుస్తకం చూపించారు. 1980 అని వ్రాసుకున్నారు. అసలు నంబరు 1930. మసక వెలుగులో మూడు, ఎనిమిది ఒకేలా కనపడ్డాయి. ఆమెది కంటి శుక్లం ఆపరేషను కూడా అయింది, చూపు బాగానే ఉంది. నాకు వెంటనే ఉప్పు, పంచదార జ్ఞాపకం వచ్చాయి.

అందుకే ఎంపిక బాధ్యత నేనే అడిగి తీసుకున్నాను. నా మనుమరాలు తోడు వచ్చింది. నేను చూసిన విషయాలు ఇవి. మీ మనుమలు కొనేటప్పుడూ పనికి రావచ్చు.

మొదటిది వెలుగు. దాన్ని ల్యూమెన్లలో కొలుస్తారు. తెర మీద తొమ్మిది చోట్ల కొలిచి సగటు తీసే "ఆన్సీ" పద్ధతి 1992లో వచ్చింది. డబ్బా మీద తొమ్మిది వేలని, పది వేలని ఉత్త ల్యూమెన్లు వేసే వారున్నారు. ఆన్సీ ల్యూమెన్లు ఎన్నని అడగాలి. లెక్క సులువు. ఆరడుగుల వెడల్పు తెర సుమారు రెండు చదరపు మీటర్లు. 300 ల్యూమెన్ల చిన్న యంత్రం ఆ తెర మీద చదరపు మీటరుకు 150 చొప్పున వెలుగు వేస్తుంది. మన హాలు ట్యూబులైట్లు అదే తెర మీద ఇంచుమించు అంత వెలుగూ వేస్తాయి. అంటే తెల్లని చోటుకు, నల్లని అక్షరానికి తేడా రెండింతలే. 3,000 ల్యూమెన్లదైతే తేడా పదింతలు దాటుతుంది. మన వయసువారిని లైట్లార్పి కూర్చోబెడితే కాలు తట్టుకుని పడతారు, లేదా నిద్రపోతారు. కనుక లైట్లుండగానే కనపడాలి.

రెండవది చుక్కల సంఖ్య. ఇంగ్లీషుకు తక్కువ చుక్కలైనా గడుస్తుంది. మన తెలుగుకు ఒత్తులున్నాయి, గుణింతాలున్నాయి. చుక్కలు తక్కువైతే ఒత్తు పై అక్షరంలో కలిసిపోతుంది. 1280కి 800 చుక్కల కంటే తక్కువ వద్దనుకున్నాము.

మూడవది దూరం. ఎంత వెనుక పెడితే ఎంత బొమ్మ పడుతుందో ముందే అడగాలి. మేము తీసుకున్నది తొమ్మిది అడుగుల దూరంలో ఆరడుగుల వెడల్పు బొమ్మ వేస్తుంది. మండల శాఖల గదులు చిన్నవి కనుక అంతకు మించి దూరం దొరకదు.

నాలుగవది బరువు. ప్రొజెక్టరు బరువు కాదు, మొత్తం మోత బరువు. తీగలు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, స్పీకరు, తెర, రిమోటుకు సెల్లులు, అన్నీ కలిపి లెక్కించాలి. చిన్న ప్రొజెక్టర్లలో బ్యాటరీతో నడిచేవి సుమారు రెండు గంటలు నడుస్తాయి. కరెంటు పోయినచోట, పది మంది కూర్చునే గదిలో, పడుకున్న రోగి మంచం పక్కన అవి నిజంగా మేలు. వాటిని నేను తక్కువ చేసి చెప్పడం లేదు. మన అవసరం అది కాదు, అంతే.

దుకాణంలో అమ్మే కుర్రవాడు జలపాతాల బొమ్మలు వేసి చూపించాడు. రంగులు కళ్ళు చెదిరాయి. "బాబూ, జలపాతాలు మాకెందుకు, ఇది వేయి" అని మనుమరాలు తయారుచేసిన ఒక పేజీ ఇచ్చాను. పెన్షను స్లిప్పు, కింద 1930, పక్కన 1980. షాపులో లైట్లన్నీ వేయించి, కొలత వేసుకుని ముప్పై అడుగులు వెనక్కి నడిచి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చూశాను. అయిదు యంత్రాలు చూశాక ఒకదాని మీద రెండు నంబర్లూ వేరువేరుగా కనపడ్డాయి. మూడువేల పైచిలుకు ఆన్సీ ల్యూమెన్లు, బరువు మూడు కిలోల లోపు. లోపల దీపం రకం కనుక ఆపిన తరువాత ఫ్యాను కాసేపు తిరుగుతుంది, అప్పుడే తీగ లాగవద్దని కుర్రవాడు హెచ్చరించాడు. ఆ మాట నేను 1972లోనే నేర్చుకున్నానని చెబితే వింతగా చూశాడు.

ఇంటికి వచ్చాక సరంజామా అంతా మా వీధి కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాను. చుట్ట తెరతో కలిపి ఎనిమిదిన్నర కిలోలు. వంద కిలోల నుంచి ఎనిమిదిన్నరకు! రెండు చేతిసంచులు, ఒక ఆటో. డెబ్బై ఏడేళ్ళ వయసులో నేను ఒక సంచి పట్టుకుని బస్సెక్కగలుగుతున్నాను.

కిందటి నెల మండల శాఖ సమావేశంలో అదే సోదరి మళ్ళీ వచ్చారు. కావాలనే ఆమెను చివరి వరసలో కూర్చోమన్నాను. ట్యూబులైట్లు, కిటికీలు అన్నీ తెరిచే ఉన్నాయి. నంబరు తెర మీద పడగానే "గట్టిగా చదవండమ్మా" అన్నాను. "ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా" అని చదివి పుస్తకంలో పాత అంకెను కొట్టేసి సరిచేసుకున్నారు.

మా అటెండరు గారు ఈ రోజులు చూడలేదు. 1996లో రిటైరై, కొద్ది సంవత్సరాలకే కాలం చేశారు. ఆయన మోసిన బరువును యంత్రాలు చేసేవారు తగ్గించేశారు. వెలుగు సంగతి మాత్రం ఇంకా మనమే చూసుకోవాలి. ఆయన ఆ రోజు వేళాకోళం ఆడలేదని నాకు అర్థం కావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ప్రొజెక్టరు కార్యదర్శి గారి ఇంట్లో ఉంటుంది. ఏ మండల శాఖ వారైనా రెండు రోజుల ముందు చెప్పి తీసుకువెళ్ళవచ్చును. ఒక్కటే విన్నపం: ఆట మొదలుపెట్టే ముందు నిర్వాహకులు వెళ్ళి చివరి కుర్చీలో కూర్చుని ఒకసారి తెర వైపు చూడండి. అక్కడికి కనపడితే అందరికీ కనపడినట్లే.